లైవ్ యాక్షన్‌లో యానిమేషన్ కలిపి స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్ తీయడం: కథ నుంచి ఫైనల్ ఫైల్ దాకా

నిజమైన గదిలో నిజమైన మనిషి పక్కన గీసిన బొమ్మ కదులుతుంటే, చూసేవాళ్ళు దాన్ని నమ్మేది బొమ్మ అందంగా ఉందని కాదు. అది అడుగు పెట్టిన చోట నీడ పడిందా, అది తోసిన వస్తువు కదిలిందా, పక్కనున్న మనిషి చూపు సరిగ్గా దాని కళ్ళ మీదే ఆగిందా అని కన్ను తనకు తెలియకుండానే వెతుక్కుంటుంది. ఈ మూడూ కుదిరితే నాలుగు గీతల బొమ్మకు కూడా ప్రాణం వస్తుంది. కుదరకపోతే ఎంత గొప్ప డ్రాయింగయినా వీడియో మీద అతికించిన స్టిక్కర్‌లా ఉంటుంది.

1914లో విన్సర్ మెకే తాను గీసిన గెర్టీ అనే డైనోసార్‌ను తెర మీద ఆడిస్తూ, తాను స్టేజి మీద నిలబడి దానితో మాట్లాడేవాడు. యాపిల్ విసిరినట్టు నటించి దాన్ని చాటుగా దాచేసేవాడు. అదే క్షణంలో తెర మీది గెర్టీ పండు అందుకునేది. అప్పటికి కంప్యూటర్ లేదు, గ్రీన్ స్క్రీన్ (తర్వాత వేరే దృశ్యంతో నింపుకునే పచ్చ తెర) లేదు. ఇతని చేతిలోంచి వెళ్ళింది అటు చేరిందన్న నమ్మకం మీదే ఆటంతా నడిచింది. స్టూడెంట్ల దగ్గర డబ్బూ టైమూ రెండూ తక్కువే కాబట్టి, ఉన్న శక్తంతా అలా రెండు లోకాలూ ఒకదాన్నొకటి తాకే క్షణాల మీద పెట్టమనే నేను చెబుతాను. కథ రాసేటప్పటి నుంచి సౌండ్ కలిపేదాకా ప్రతి నిర్ణయం అక్కడి నుంచే తీసుకోవచ్చు.

1. కథ: బొమ్మ ఎందుకు రావాలి?

ఈ గైడ్ అంతటా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. రాత్రిపూట టేబుల్ దగ్గర చదువుకుంటున్న అమ్మాయి నోట్‌బుక్ మార్జిన్‌లో ఒక ఉడుతను గీస్తుంది. తోక గీయకుండానే నిద్రొచ్చి ఆపేస్తుంది. ఉడుత పేజీలోంచి లేచి బయటికొస్తుంది. దానికి కావాల్సింది తోక. అందుకోసం అమ్మాయి వేళ్ళ మధ్య ఉన్న పెన్సిల్ లాగేసుకోవాలని చూస్తుంది.

ఇందులో బొమ్మ గీసిన బొమ్మే అయ్యుండాలి, లేకపోతే కథే లేదు. మీ కథను కూడా ఇలాగే పరీక్షించండి: బొమ్మ బదులు ఒక మనిషినో పెంపుడు కుక్కనో పెడితే కథ నడిచిపోతుందా? నడిచిపోతే అన్ని వారాలు కూర్చుని గీయడం దండగ. రెండోది, బొమ్మకూ మనిషికీ మధ్య ఇద్దరూ ముట్టుకునే వస్తువు ఒకటి ఉండాలి. ఇక్కడ పెన్సిల్ ఆ పని చేస్తుంది. అలాంటి వస్తువు లేని కథల్లో బొమ్మ ఒక పక్క నిలబడి మాట్లాడుతుంది, మనిషి ఇంకో పక్క నిలబడి వింటాడు. ఐదు షాట్లకే బోర్ కొడుతుంది.

రెండు లోకాలను కలపడానికి స్థూలంగా మూడు దారులున్నాయి. నిజమైన చోటికి గీసిన పాత్ర రావడం ఒకటి. గీసిన లోకంలోకి నిజమైన మనిషి వెళ్ళడం రెండోది. మనిషి చుట్టూ గీతలు, రాతలు, మెరుపులు గీసి అతని మనసులో ఉన్నది చూపించడం మూడోది. రెండో దారికి గ్రీన్ స్క్రీన్, దానికి సరిపడా లైట్లు, ఆపైన బ్యాక్‌గ్రౌండ్లన్నీ గీసే ఓపిక కావాలి. మొదటి సినిమాకు మొదటిదో మూడోదో ఎంచుకోండి.

2. స్క్రిప్టు పక్కనే లెక్క

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో డ్రాయింగ్‌ను రెండు ఫ్రేముల పాటు ఉంచితే, అంటే యానిమేటర్లు చెప్పే 'టూస్' మీద చేస్తే, సెకనుకు 12 డ్రాయింగులు చాలు. 'వన్స్' మీద చేస్తే 24 కావాలి. నాలుగు నిమిషాల సినిమాలో బొమ్మ కనిపించేది 45 సెకన్లే అనుకుందాం. టూస్ మీద అది 540 డ్రాయింగులు. ఒక్కోదానికి రఫ్ (చిత్తు గీత), క్లీనప్ (శుభ్రంగా తిరగ్గీయడం), రంగు, షేడింగ్ అని నాలుగు విడతలు. అంటే 2,160 సార్లు చెయ్యి పెట్టాలి. ఈ అంకె టీమ్ అందరికీ మొదటి మీటింగ్‌లోనే చూపించండి. తర్వాత ఎవరు ఎన్ని రోజులు ఇవ్వగలరో అడిగి, దానికి తగ్గట్టు స్క్రిప్టు కుదించండి.

కుదించడమంటే కథ తగ్గించడం అనుకోకండి. ఉడుత ఫ్రేములో లేకుండానే ఉన్నట్టు తెలిసే షాట్లు ఎన్నో తీయొచ్చు. పుస్తకాల వెనక చప్పుడు, దానంతటదే దొర్లే రబ్బరు, అమ్మాయి ముఖం మీద మారే భావం. వీటిలో ఒక్క డ్రాయింగ్ కూడా లేదు, అయినా ఉడుత అక్కడే ఉంటుంది. నా లెక్కలో బొమ్మ కనిపించే షాట్లు 12 నుంచి 15 దాటకపోతే చిన్న టీమ్‌కు ఊపిరాడుతుంది.

3. మొత్తం తీయకముందే ఒక్క షాట్ పూర్తి చేయండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, దయచేసి మీరు వదలకండి. ఏదో ఒక టేబుల్ మీద మూడు సెకన్ల షాట్ తీసి, ఉడుతను నడిపించి, నీడ వేసి, సౌండ్ పెట్టి, ఫైనల్ వీడియో ఫైల్ దాకా తీసుకెళ్ళండి. ఏ సాఫ్ట్‌వేర్ నుంచి ఏ సాఫ్ట్‌వేర్‌లోకి ఫైళ్ళు వెళ్తున్నాయి, రంగులు మారుతున్నాయా, మూడు సెకన్లకు నిజంగా ఎంత టైం పట్టింది అన్నవి దీనితోనే తెలుస్తాయి. షెడ్యూల్ ఆ టైంను బట్టి వేయండి.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. గీయడానికి క్రిటా, ఓపెన్‌టూంజ్, లేదా బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్. కెమెరా ట్రాకింగ్‌కు, అంటే షాట్‌లో కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టడానికి, బ్లెండర్. ఎడిటింగ్, కాంపోజిటింగ్ (ఫుటేజీ, బొమ్మ, నీడ అన్నీ ఒకే ఫ్రేములో కలపడం), గ్రేడింగ్ (రంగులు దిద్దడం), సౌండ్ మిక్సింగ్ అన్నీ డావించీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లోనే అవుతాయి. అందులోని ఫ్యూజన్ పేజీ కాంపోజిటింగ్ కోసమే ఉంది. మీ టీమ్‌లో ఎవరికైనా వేరే సాఫ్ట్‌వేర్ బాగా అలవాటుంటే అదే వాడండి. కొత్తది నేర్చుకుంటూ సినిమా తీయడం మామూలు టెన్షన్ కాదు.

4. స్టోరీబోర్డు, గొంతు, యానిమాటిక్

స్టోరీబోర్డులో మనుషుల్ని ఒక రంగుతో, బొమ్మను ఇంకో రంగుతో గీయండి. రెండు రంగులూ కలిసిన ప్రతి చోటా చిన్న గుర్తు పెట్టండి. అవే తాకే షాట్లు. వాటికి సెట్‌లో ఏం కావాలో, దారమా, పుల్లా, ఎవరి చెయ్యా, అప్పుడే పక్కన రాసుకోండి.

బొమ్మ మాట్లాడేదైతే గొంతు షూటింగుకు ముందే రికార్డు చేయాలి, కనీసం తాత్కాలికంగానైనా. సెట్‌లో ఆ ఆడియో వినిపిస్తే నటి సరైన టైమింగ్‌లో స్పందిస్తుంది. యానిమేటరు కూడా పెదవులను ఆ గొంతుకే కలపాలి. తర్వాత స్టోరీబోర్డు బొమ్మలను ఆ ఆడియో మీద పేర్చి యానిమాటిక్ చేయండి. అక్కడ సాగదీసినట్టున్న షాట్ ఫైనల్‌లోనూ సాగుతుంది. ఇప్పుడే కోసేయండి.

5. పాత్ర డిజైన్

పది మంది వెయ్యి సార్లు గీయాల్సిన బొమ్మ ఇది. చారలు, బటన్లు, వెంట్రుకలు ఎన్ని పెడితే అంత శిక్ష. బయటి ఆకారం చూడగానే గుర్తుపట్టేలా ఉండాలి, రంగులు నాలుగైదు మించకూడదు. లొకేషన్ ఫొటో మీద బొమ్మను పెట్టి చూడండి. గోధుమరంగు టేబుల్ మీద గోధుమరంగు ఉడుత కలిసిపోతుంది; అప్పుడు ఉడుత రంగైనా మార్చాలి, టేబుల్ మీద గుడ్డైనా పరవాలి. అలాగే బొమ్మ ఎత్తు సెంటీమీటర్లలో తేల్చేయండి. మన ఉడుత 15 సెంటీమీటర్లు. ఆ అంకె ఇకపై మారదు.

6. కెమెరా సెట్టింగులు

ఫోన్‌తో తీసినా ఫరవాలేదు, కానీ ఆటోమేటిక్‌గా మారేవన్నీ ఆపేయాలి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ లాక్ చేయండి. షాట్ మధ్యలో వెలుగు దానంతటదే మారితే బొమ్మ రంగును ఫ్రేము ఫ్రేముకూ దిద్దుకోవాల్సి వస్తుంది. 24 ఫ్రేములకు షట్టర్ 1/48 లేదా 1/50 పెట్టండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో లైట్లు మినుకుమంటుంటే 1/60 పెట్టాలి. ట్రాకింగ్ చేయబోయే షాట్లలో ఫోన్ స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసే సెట్టింగు) ఆపేయండి, అది ఫ్రేమును లోపల్లోపల సాగదీస్తుంది, ట్రాకింగ్ లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కుంది. చాలా ఫోన్లు కచ్చితంగా సెకనుకు 24 ఫ్రేములు తీయవు, కాస్త అటూ ఇటూ అవుతుంటాయి. అలాంటి వీడియో మీద గీస్తే సగానికొచ్చేసరికి బొమ్మ వెనకబడుతుంది. స్థిరమైన ఫ్రేమ్ రేటు ఇచ్చే కెమెరా యాప్ వాడండి, లేదా గీయడం మొదలుపెట్టకముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 24 ఫ్రేములకు మార్చుకోండి.

వీలైతే 4కేలో తీసి ఫైనల్ 1080పీలో ఇవ్వండి. తర్వాత ఫ్రేమును కాస్త జరుపుకోవడానికి, చిన్నగా జూమ్ చేయడానికి చోటుంటుంది.

మొదటి సినిమాకు ట్రైపాడ్ మీద కదలని షాట్లే ఎక్కువ పెట్టుకోండి. ఎడిటింగ్, నటన బాగుంటే కెమెరా కదల్లేదని ఎవరూ గమనించరు. కదిలే షాట్ ఒకటో రెండో ఉంచుకుని వాటిని శ్రద్ధగా చేయండి.

7. సెట్‌లో: సగం యానిమేషన్ ఇక్కడే జరుగుతుంది

ఉడుత పెన్సిల్ లాగే షాట్ ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

ముందు రిఫరెన్స్ టేక్. అట్టముక్కను సరిగ్గా 15 సెంటీమీటర్ల ఎత్తున ఉడుత ఆకారంలో కత్తిరించి, ఒక పుల్లకు అంటించి, ఉడుత నడిచే దారంతా చేత్తో నడిపించి తీయండి. దానితో ఎత్తు ఎంత, నీడ ఎటు పడుతోంది, ఎక్కడ దేని వెనక్కి వెళ్తోంది అన్నీ రికార్డవుతాయి. నటికి ఎక్కడ చూడాలో కూడా తెలుస్తుంది. ఈ టేక్‌లోనే ఒక తెల్లటి బంతినీ, ఒక బూడిదరంగు బంతినీ ఉడుత నిలబడే చోట పెట్టి కొన్ని సెకన్లు తీయండి. బంతి మీద వెలుగు ఎటు నుంచి పడుతోందో, నీడ వైపు రంగు ఎలా మారుతోందో చూసి తర్వాత ఉడుతకు అదే షేడింగ్ వేస్తారు.

తర్వాత అసలు టేక్, అట్ట లేకుండా. పెన్సిల్ వెనక కొనకు సన్నని నైలాన్ దారం కట్టండి. ఫ్రేము బయట ఒకరు కూర్చుని దాన్ని లాగాలి. ఎలా లాగుతారన్నదే ఇక్కడ కీలకం. ఒకే వేగంతో లాగితే దారం లాగినట్టే ఉంటుంది. ఉడుత లాగితే ఎలా లాగుతుంది? మొదట చిన్న కుదుపు, కదల్లేదు. కాసేపు ఆగి ఇంకోసారి. మూడోసారి కాళ్ళు తన్నిపెట్టి గట్టిగా లాగితే పెన్సిల్ జారి వచ్చేస్తుంది. దారం లాగే మనిషి ఆ సమయానికి ఉడుత పాత్ర వేస్తున్నట్టే లెక్క, అందుకే ఆ పని యానిమేటరుకే ఇవ్వమంటాను. అదే లయలో తర్వాత గీసేదీ తనే కదా.

నటికి చెప్పాల్సింది రెండు మాటలు. పెన్సిల్‌ను నిజంగానే పట్టుకోవాలి, వదిలేస్తున్నట్టు నటించకూడదు. వేళ్ళ చర్మం లాగబడటం, ముంజేయి కాస్త ముందుకు రావడం ఇవి నటిస్తే రావు. రెండోది చూపు. గాల్లోకి చూడమంటే కళ్ళు దూరంగా ఉన్న గోడ మీద నిలుస్తాయి, ఆ తేడా తెర మీద వెంటనే తెలిసిపోతుంది. ఉడుత కళ్ళుండే చోట సన్నటి పుల్ల కొనకు చిన్న టేపు ముక్క పెట్టి దాన్నే చూడమనండి. పుల్ల అడ్డమైతే రిహార్సల్‌లో చూపించి టేక్‌లో తీసేయండి, కళ్ళకు ఆ దూరం కాసేపు గుర్తుంటుంది. ఉడుత కదిలే షాట్లలో టేపును కూడా కదిలించాలి, లేకపోతే మాటకో వైపు చూస్తుంది.

టేకుల్లో మూడోది క్లీన్ ప్లేట్. కెమెరా, లైట్లు ఏవీ ముట్టుకోకుండా నటినీ పెన్సిల్‌నూ తీసేసి ఖాళీ టేబుల్‌ను పది సెకన్లు తీయండి. దారం చెరిపేయడానికి, పుల్ల కనిపిస్తే దాని మీద కప్పడానికి ఇదే ఆధారం. నాలుగోది గది నిశ్శబ్దం: అందరూ కదలకుండా 30 సెకన్లు రూమ్ టోన్ రికార్డు చేయండి.

ప్రతి షాట్‌కూ ఒక కాగితం ఉండాలి. లెన్స్ ఎంత, లెన్స్ టేబుల్ నుంచి ఎంత ఎత్తున ఉంది, ఉడుత స్థానానికి ఎంత దూరం, ప్రధాన లైటు ఎటువైపు, ఏ టేక్ ఓకే. దీన్ని డైరెక్టరు మీద పెట్టకండి, వేరొకరికి అదే పనిగా అప్పగించండి. గీసేవాళ్ళకు రాత్రి పన్నెండింటికి సందేహం వచ్చినప్పుడు ఆ కాగితం మాత్రమే జవాబు చెబుతుంది.

జుట్టు గురించి ఒక హెచ్చరిక. ఉడుత నటి వెనక్కి వెళ్ళాల్సిన షాట్లలో నటి ఆకారాన్ని ఫ్రేము ఫ్రేముకూ కత్తిరించాలి, దీన్నే రోటో అంటారు. చెయ్యి, పుస్తకం, గ్లాసు అంచులను కత్తిరించడం తేలిక. విరబోసిన జుట్టును కత్తిరించడం నరకం. ఉడుత దారిని జుట్టుకు దూరంగా పెట్టండి, లేదా ఆ సీనుకు జడ వేయించండి.

8. ముందు ఎడిట్, తర్వాతే డ్రాయింగ్

బొమ్మ లేని ఫుటేజీతోనే, దాని చోట రఫ్ స్కెచ్ పెట్టుకుని, సినిమా మొత్తం ఎడిట్ చేసి లాక్ చేయండి. లాక్ అయ్యాక షాట్ పొడవు మార్చకూడదు. గీసిన రెండు సెకన్లు ఎడిటింగ్‌లో పోతే 24 డ్రాయింగులు పోయినట్టే, గీసిన మనిషి ఉత్సాహం కూడా పోతుంది. అయినా చిన్న సర్దుబాట్లకు ప్రతి షాట్ మొదట్లో, చివర్లో 8 ఫ్రేములు ఎక్కువ ఇవ్వండి.

ఫైళ్ళకు పేర్లు కూడా ఇప్పుడే ఖాయం చేయండి: సీన్ నంబరు, షాట్ నంబరు, వెర్షన్ నంబరు. 'ఫైనల్', 'కొత్త ఫైనల్' లాంటి పేర్లు వద్దు. ఫుటేజీకి మూడు కాపీలు ఉండాలి. అందులో ఒకటి వేరే చోట ఉండాలి.

9. యానిమేషన్

ఫుటేజీని ఇమేజ్ సీక్వెన్స్‌గా, అంటే ఫ్రేముకో ఫొటో ఫైలుగా, మార్చి, తెరుచుకుని, దాని మీదే గీయండి. 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్' సినిమాకు కూడా షూట్ చేసిన ఫ్రేములను ఫొటో ప్రింట్లుగా తీయించి, వాటి మీద కాగితం పెట్టుకుని గీశారు. పద్ధతి మారలేదు, కాగితం బదులు లేయర్ వచ్చింది.

మొదటి పని ఎత్తు సరిచూసుకోవడం. రిఫరెన్స్ టేక్ ఉంటే అట్టబొమ్మ మీదే గీయొచ్చు. లేని చోట ఒక సూత్రం పనికొస్తుంది. టేబుల్ రెండు పక్క అంచులను గీతలతో పొడిగించండి, అవి కలిసే చోటు గుండా అడ్డంగా ఒక గీత గీయండి. కెమెరా పక్కకు ఒరగకుండా ఉంటే అదే టేబుల్‌కు హొరైజన్ రేఖ. టేబుల్ మీద నిటారుగా నిలబడ్డ దేన్నైనా ఆ రేఖ సరిగ్గా లెన్స్ ఉన్న ఎత్తులోనే దాటుతుంది. లెన్స్ టేబుల్ నుంచి 30 సెంటీమీటర్ల పైన ఉంటే, 15 సెంటీమీటర్ల ఉడుత తల దాని పాదాలకూ ఆ రేఖకూ సరిగ్గా సగంలో ఉంటుంది, ఉడుత కెమెరాకు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా సరే. షాట్ కాగితంలో లెన్స్ ఎత్తు రాయమన్నది దీనికోసమే. కెమెరాను బాగా కిందికి వంచి తీసిన షాట్లలో ఈ లెక్క తప్పుతుంది, అక్కడ అట్టబొమ్మే దిక్కు.

తర్వాత తాకే ఫ్రేములు గుర్తించండి. ఫుటేజీలో పెన్సిల్ మొదటిసారి కదిలిన ఫ్రేము 41 అనుకుందాం. ఉడుత చేతులు దాన్ని 41కి ముందే, కనీసం రెండు మూడు ఫ్రేముల ముందు, పట్టుకుని ఉండాలి. ఒళ్ళు వెనక్కి వాలడం ఇంకా ముందు మొదలవ్వాలి. బలం ముందు, కదలిక తర్వాత. ఇది తారుమారైతే పెన్సిలే ఉడుతను లాగుతున్నట్టుంటుంది. కాబట్టి తాకే ఫ్రేముల్లో పోజులు మొదట గీసి, వాటి మధ్యవి తర్వాత నింపండి.

ఉడుత చెయ్యి పెన్సిల్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ 'వన్స్' మీద గీయాలి. ఫుటేజీలో పెన్సిల్ ప్రతి ఫ్రేముకూ కదులుతుంటే చెయ్యి రెండేసి ఫ్రేములకు ఒకసారి కదిలితే, పట్టు జారుతూ అతుక్కుంటూ వణుకుతుంది. కదిలే కెమెరా షాట్లలో కాళ్ళ దగ్గరా ఇదే సమస్య. ఉడుత ఒక్కటే నిలబడి ఆలోచిస్తున్న కదలని షాట్లకు 'టూస్' హాయిగా సరిపోతాయి.

చివరగా నీడ. కాళ్ళ కింద నల్లగా, చిన్నగా, అంచు స్పష్టంగా ఉండేది ఒక లేయరు. లైటుకు ఎదురు వైపు సాగే మెత్తటి నీడ ఇంకో లేయరు. రెండూ వేరువేరుగా ఎగుమతి చేయండి. ఉడుత ఎగిరినప్పుడు పాదాల కింది నీడ విడిపోయి పల్చబడాలి, దిగినప్పుడు మళ్ళీ పాదాలను కలవాలి. ఒక్కోసారి ఉడుత డ్రాయింగ్ మామూలుగా ఉన్నా ఈ నీడే షాట్‌ను నిలబెడుతుంది.

ఎగుమతి పీఎన్‌జీ సీక్వెన్స్‌గా, పారదర్శకత ఉండేలా చేయండి. మామూలు ఎంపీ4 ఫైలు పారదర్శకతను దాచుకోదు, బొమ్మ చుట్టూ నల్లటి పెట్టె వస్తుంది.

10. కదిలే షాట్‌కు ట్రాకింగ్

బ్లెండర్‌లో కెమెరా కదలికను లెక్కగట్టడానికి కనీసం ఎనిమిది పాయింట్లు షాట్‌లో స్పష్టంగా కనిపిస్తూ ఉండాలి. నున్నటి టేబుల్ మీద అవి దొరకవు. షూటింగ్ అప్పుడే చిన్న టేపు గుర్తులు పెట్టండి, లేదా పుస్తకాలు, కాగితాలు చెదిరినట్టు ఉంచండి. పాయింట్లు దగ్గరా దూరంగా వేర్వేరు లోతుల్లో ఉండాలి, నటి మీదా కదిలే వస్తువుల మీదా ఉండకూడదు. లెక్క తప్పు ఒక పిక్సెల్ కంటే తక్కువకు వచ్చేదాకా చెడ్డ పాయింట్లు తీసేస్తూ పొండి. ఉడుత జారుతోందా లేదా తెలియాలంటే ముందు దాని చోట ఒక మామూలు క్యూబ్ పెట్టి చూడండి. క్యూబ్ టేబుల్‌కు అంటుకుని ఉంటే ఉడుతా ఉంటుంది.

11. కాంపోజిటింగ్

లేయర్ల వరుస కింది నుంచి పైకి: ఫుటేజీ, మెత్తటి నీడ, కాళ్ళ నీడ, ఉడుత, ఉడుత ముందుకు రావాల్సిన వస్తువుల రోటో, అన్నిటి మీదా గ్రెయిన్ (వీడియోలో కనిపించే సన్నటి గరుకు). నీడలను మల్టిప్లైలో (కింది లేయరును ముదురు చేసే బ్లెండ్ మోడ్) పెట్టండి. నీడ రంగు నలుపు పెట్టకండి. ఫుటేజీలో పుస్తకం నీడ మీద రంగు తీసుకుని అదే వాడండి.

ఉడుతను గదిలో కలపడం ఈ వరుసలో చేస్తే పని తగ్గుతుంది. మొదట నలుపు. ఫుటేజీలో అన్నిటికంటే చీకటిగా ఉన్న చోటు నిజానికి పూర్తి నలుపు కాదు, ముదురు బూడిదరంగు. ఉడుత అవుట్‌లైన్ స్వచ్ఛమైన నలుపైతే అది గదిలోంచి బయటికి పొడుచుకొస్తుంది. దాని నలుపును గది నలుపు స్థాయికి ఎత్తండి. తర్వాత తెలుపు, అదే పద్ధతి. తర్వాత రంగు: టేబుల్ లైటు పసుపుగా ఉంటే ఉడుత తెల్లటి పొట్ట కూడా పసుపు తిరగాలి. వెలుగు వైపు అంచుకు సన్నని కాంతి, నీడ వైపుకు ఒక ముదురు షేడు. ఆ తర్వాత ఫోకస్. ఫుటేజీ అంచులు కాస్త మెత్తగా ఉంటే ఉడుత అంచులను కూడా ఒక పిక్సెల్ లోపు బ్లర్ చేయండి. చివరికి గ్రెయిన్. రాత్రి షాట్లలో ఫోన్ వీడియో గరుకుగా ఉంటుంది, ఉడుత మాత్రం నున్నగా ఉంటే పట్టేస్తారు.

ఉడుత చుట్టూ సన్నటి నల్ల అంచు కనిపిస్తే డ్రాయింగును తిట్టకండి. పారదర్శకత రెండు రకాలుగా నిల్వ ఉంటుంది, స్ట్రెయిట్ అనీ ప్రీమల్టిప్లైడ్ అనీ. ఒక రకంగా దాచిన ఫైలును సాఫ్ట్‌వేర్ ఇంకో రకంగా చదివితే ఆ అంచు వస్తుంది. ఇంపోర్ట్ సెట్టింగులో మార్చి చూడండి. బ్లెండర్‌లో రంగులు వెలిసిపోయినట్టు వస్తే కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను ఏజీఎక్స్ నుంచి స్టాండర్డ్‌కు మార్చండి.

రోజర్ ర్యాబిట్‌లో ఒక సీనుంది. వేలాడుతున్న దీపానికి హీరో తల తగిలి అది ఊగుతుంది, గదిలో నీడలన్నీ ఊగుతాయి, కుందేలు మీది వెలుగు కూడా వాటితో పాటే ఊగుతుంది. దీపం ఊగకపోయినా కథ నడిచేది. యానిమేషన్ డైరెక్టర్ రిచర్డ్ విలియమ్స్ బృందం ఆ నీడలను ఫ్రేము ఫ్రేముకూ గీసింది. మీ సినిమాలో కూడా అలాంటి షాట్ ఒక్కటి పెట్టుకోండి. మన కథలోనైతే అమ్మాయి టేబుల్ లైటును పక్కకు తిప్పి ఉడుతను వెతుకుతుంది. వెలుగు ఉడుత మీదుగా జరుగుతుంది, దాని నీడ పొడవుగా సాగి పుస్తకం ఎక్కుతుంది. రెండున్నర సెకన్ల షాట్, 60 ఫ్రేములు. ఐదు మామూలు షాట్లు వదులుకుని అయినా ఇది చేయదగ్గది.

12. సౌండ్

బరువును చెవితో కూడా చూపించాలి. ఉడుత అడుగులకు టేబుల్ మీద రెండు గోళ్ళతో తట్టి రికార్డు చేయండి, అదే టేబుల్ మీద అయితే ఇంకా మంచిది. పెన్సిల్ జారేటప్పుడు కర్ర గీసుకునే చప్పుడు, పేజీలోంచి లేచేటప్పుడు కాగితం కరకర. ఉడుత గొంతు దుప్పట్ల మధ్య రికార్డు చేసి ఉంటే గదిలో మాట్లాడినట్టు ఉండదు. కొద్దిగా రివర్బ్ (గది ప్రతిధ్వని) కలిపి, కింద రూమ్ టోన్ పరవండి. మ్యూజిక్ విషయంలో అనుమతి ఉన్నదే వాడండి, అనుమతి తాలూకు మెయిలో లైసెన్సు పేజీయో సేవ్ చేసి పెట్టుకోండి. ఫెస్టివల్స్ వాళ్ళు అడుగుతారు.

13. ఫైనల్ ఫైళ్ళు

ఒక మాస్టర్ ఫైలు నాణ్యత పెద్దగా తగ్గని ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఫార్మాట్‌లో ఉంచుకోండి. పంపించడానికి, అప్‌లోడ్‌కు చిన్న సైజు హెచ్.264 కాపీ వేరుగా తీయండి. సబ్‌టైటిల్స్‌ను వీడియోలో కలిపేయకుండా ఎస్‌ఆర్‌టీ ఫైలుగా ఉంచితే ఏ భాషకు కావాలంటే ఆ భాషకు మార్చుకోవచ్చు. ఫైనల్ కాపీని ఫోన్‌లో ఒకసారి, పెద్ద తెర మీద లేదా ప్రొజెక్టరు మీద ఒకసారి చూడండి. ల్యాప్‌టాప్‌లో కనిపించని దారం ముక్కలు, రోటో అంచులు పెద్ద తెర మీద బయటపడతాయి. దొరికినవన్నీ షాట్ నంబరుతో రాసుకుని తాకే షాట్ల నుంచి దిద్దడం మొదలుపెట్టండి. లేయర్లున్న ప్రాజెక్టు ఫైళ్ళు, పీఎన్‌జీ సీక్వెన్సులు, క్లీన్ ప్లేట్లు ఏవీ చెరిపేయకండి. ఫెస్టివల్ నుంచి చిన్న మార్పు అడిగినా, ఆ షాట్‌ను పోర్ట్‌ఫోలియోలో దశల వారీగా విడదీసి చూపించాలన్నా అవే కావాలి.